పదకొండో పాఠం

బడి, వెనక గది
మంగళవారం

తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

మామూలు సంగతులు ఎప్పుడూ రాయవని పోయిన ఉత్తరంలో దెప్పావు. అందుకని నిన్నటి ఉదయం గురించి రాస్తున్నాను. నిన్న ఏమీ జరగలేదు.

ఆరున్నరకి గది తాళం తీశాను. ఊడ్చాను. ఎనిమిది కుర్చీలూ గోడవార సర్దాను. కుర్చీ జానెడు పక్కకి జరిగితే ఎవరిదో ఒకరి మోకాలు కమిలిపోతుంది. చూపు లేనివాళ్ల సంగతి నీకు నేను చెప్పాలా. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తమ కర్రలు మేకులకి తగిలించారు. ఒక్కో కర్రకి ఒక్కో రకం ముడి వేసిన తాడు ఉంటుంది. తడిమి ఎవరిది వాళ్లు గుర్తుపడతారు.

చివరగా వసపిట్ట వచ్చింది. దర్జీగారి పెద్ద కూతురు, పంతొమ్మిదేళ్లది. నోరు మూతపడదు కనక ఆ పేరు. పుట్టుకతోనే చూపు లేదు. చెల్లెలికీ లేదు. పదేళ్ల ఆ చెల్లెలు ఎప్పుడూ అక్క జడ కొస పట్టుకుని నడుస్తుంది, అందుకని దాన్ని తోక అంటాం. "తోకా, వచ్చావా" అని పిలిస్తే, "అక్క వచ్చిందంటే నేను వచ్చినట్టే కదండీ" అంటుంది.

ఎనిమిదింటికి అభ్యాసం. మా ఆయా వరండాలో నిలబడి జాలిపడే మనిషి వేషం కడుతుంది. "అయ్యో బంగారుతల్లీ, చూపు లేదా, రా నేను తీసుకెళ్తా" అంటూ రెక్క పట్టుకుని లాగుతుంది. పిల్లలు ఆగాలి, తల ఎత్తాలి, నవ్వుతూ "నో, థ్యాంక్యూ. ఐ కెన్ మేనేజ్" అనాలి. గొంతు వణికితే మళ్లీ మొదటినుంచి. నిన్న వసపిట్ట మొదటిసారే చక్కగా అంది. ఆయా వదల్లేదు.

"ఆ మాట నాకు అర్థం కాలేదే, నడువు."

"అర్థం కాకపోతే పోయింది ఆయమ్మా, చెయ్యి వదిలితే చాలు" అంది వసపిట్ట.

ఇంగ్లీషు తప్పావు, మళ్లీ చెప్పు అన్నాను. ఆయా నడుం మీద చెయ్యి వేసుకుని, "రోజుకి పాతికసార్లు నన్ను వద్దనిపిస్తున్నారు పంతులమ్మగారూ. ఇంటికెళ్తే మా ఆయనా వద్దంటాడు. ఇక నన్ను రమ్మనేదెవరు" అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

నా పాఠాలు పన్నెండు. మొదటిది వద్దనడం. పేరు చెప్పడం, ఫోను ఎత్తడం, కోపంగా ఉన్న మనిషితో మాట్లాడడం, ఇవన్నీ తర్వాత. సాయం అడగడం పదకొండోది. ఉద్యోగానికి సిద్ధమయ్యే వాళ్లకి నలభై రోజుల నియమం ఒకటి పెట్టాను. ఇంటి గడప దాటింది మొదలు తిరిగి గడప తొక్కేదాకా, ఎవరు పలకరించినా ఇంగ్లీషులోనే బదులు చెప్పాలి. కూరగాయలమ్మే ఆమె అయినా సరే.

ఈ వరస నేను కల్పించింది కాదు. పద్దెనిమిదేళ్ల కిందట నువ్వు అక్కడికి వెళ్లిన నెలలో రాసిన ఉత్తరంలోంచి తీసుకున్నాను. "ఆసుపత్రికి ఒక్కడినే నడిచి వెళ్తున్నాను. ఎవరు చెయ్యి పట్టుకోబోయినా వద్దంటున్నాను. వద్దనడం వచ్చాకే నాకు మిగతావన్నీ వచ్చాయి అక్కా." ఆ కాగితం మీద బ్రెయిలు చుక్కలు అరిగిపోయాయి. అయినా నాకు కంఠతా వచ్చు.

చుక్కలు పొడిచీ పొడిచీ వేలు నొప్పిగా ఉంది. ఆపుతున్నాను.

అక్క


ఆసుపత్రి, టెలిఫోను గది
ఆదివారం

పెద్దక్కకి నమస్కారాలు.

ఏమీ జరగని ఉదయం గురించి నాలుగు పేజీలు రాశావు. ఏదైనా జరిగితే నాలుగు ముక్కలు రాస్తావు. నీ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ అంతా అదే. ఫోను మోగుతుంది, నేను ఎత్తుతాను, జనం ఏడుస్తారు, నేను లైను కలుపుతాను. నిన్న ఒకాయన "డాక్టరుగారూ" అని మొదలుపెట్టి తన కడుపునొప్పి సాంతం చెప్పేశాడు. నేను టెలిఫోను మనిషినండీ అంటే, "పోనీ, మీకు ఏమనిపిస్తోంది చెప్పండి" అన్నాడు. గోరువెచ్చని నీళ్లు తాగమన్నాను. ఇవాళ ఫోను చేసి తగ్గిందన్నాడు.

వసపిట్ట నాకు నచ్చింది. అలాంటి గొంతు టెలిఫోనుకి బాగుంటుంది. తలవంచుకుని మాట్లాడే అలవాటు ఉంటే మాత్రం మాన్పించు. గొంతు గుండెలోకి జారిపోతుంది.

ఒక్కటే సందేహం. అడగడం పదకొండో పాఠమా? అంత వెనకా? సరేలే, పంతులమ్మవి నువ్వు, పిల్లలు నీవాళ్లు. నాకు తెలిసిందేముంది.

నా పాత ఉత్తరం ఇంకా దాచావా? పారెయ్యి అక్కా. చుక్కలు అరిగిన కాగితం పొయ్యి రాజేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

నీ తమ్ముడు


బడి, వెనక గది
శుక్రవారం

తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

వసపిట్టకి ఉద్యోగం వచ్చింది. ఫ్యాన్లు తయారుచేసే కంపెనీలో. ఫ్యాను తిరగడం లేదని జనం ఫోను చేస్తే ఓపికగా విని రాయించాలి. ఫోనులోనే పరీక్ష పెట్టారు. ఇరవై నిమిషాలు. నేను పక్క గదిలో కూర్చున్నాను. గోడ ఇవతలికి దాని నవ్వు వినిపించింది. చూపు లేదన్న సంగతి చివర్న అదే చెప్పింది. అవతలామె, "దానికీ ఫ్యాన్లకీ సంబంధం ఏముంది" అందట.

తొమ్మిది పాఠాలు అయ్యాయి. మిగతా మూడూ ఆదివారాల్లో చెబుతానన్నాను. ఉద్యోగం ఆగదు కదా.

వాళ్ల ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. రోజూ వెంట వెళ్లి దింపి వస్తానని నాయనమ్మ కూర్చుంది. వసపిట్ట ఒప్పుకోలేదు. "నాయనమ్మా, నువ్వు వస్తే దారంతా నేనే నిన్ను నడిపించాలి" అంది. తండ్రి కత్తెర చేతిలో పట్టుకుని నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. పంపమంటారా?"

పంపండి, ఒక్కదాన్నే పంపండి, మాట నాది అన్నాను.

ఆయన రెండు కొత్త జతలు కుట్టాడు. కర్ర పట్టని చెయ్యి ఖాళీగా ఉండాలని రెండింటికీ లోతైన జేబులు పెట్టాడు. తల్లి మూడు రోజులు దారి చూపించింది. మూడు మలుపులు, ఒక పెద్ద రోడ్డు, మందుల కొట్టు వాసన, ఆ తర్వాత ఇరవై రెండు అడుగులు. నాలుగో రోజు ఒంటరిగా వెళ్లింది. వాళ్లమ్మ వంద అడుగుల వెనక నడిచిందట. అయిదో రోజు నుంచి అదీ లేదు.

తోక జడ వదల్లేక గుమ్మం దగ్గర ఏడ్చింది. "నువ్వు సాయంత్రం దాకా తోకలేని పిట్టవి, నేను పిట్టలేని తోకని" అందట. పదేళ్ల పిల్ల.

మోకాళ్ల మీద నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆ తర్వాత నీ పాత ఉత్తరానికి కూడా. పొయ్యిలో వెయ్యను.

అక్క


ఆసుపత్రి, టెలిఫోను గది
బుధవారం

పెద్దక్కకి,

సంతోషం. చాలా సంతోషం. మా టెలిఫోను జాతికి ఇంకో మనిషి వచ్చింది. మొదటి వారం గొంతు పోతుంది, గోరువెచ్చని నీళ్లు తాగమను. నా మందు ఒకటే, అన్నిటికీ అదే. ఎవరైనా ఫోనులో అరిస్తే, పదంకెలు లెక్కపెట్టి "వింటున్నానండీ" అనమను. అరిచేవాళ్లు సగంమంది ఆ మాట కోసమే అరుస్తారు.

ఆ పెద్ద రోడ్డు దాటే చోట ఎవరైనా ఉన్నారా? దుకాణం మనిషో, ఎవరో? రోజూ అదే చోట కూర్చునే మనిషి ఒకరు ఉంటే మంచిది. ఊరికే పలకరింపుకి. ఇంతకంటే ఏమీ లేదు.

అక్కా, నీతో ఒక మాట చెప్పాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను. ఉత్తరంలో కుదరదు. వచ్చినప్పుడు చెబుతాను.

నీ తమ్ముడు


బడి
సోమవారం

తమ్ముడికి,

వసపిట్ట పోయింది.

గురువారం ఉదయం ఉద్యోగానికి వెళ్తూ నీళ్ల గొట్టం కోసం తవ్విన కందకంలో పడింది. గొట్టానికి తల తగిలింది. శనివారం తెల్లవారాక ప్రాణం పోయింది. బుధవారం సాయంత్రం దాకా అక్కడ కందకం లేదు.

మధ్యలో తెలివి రాలేదు.

తోక మాట్లాడడం లేదు.

నువ్వు రావద్దు. రాకు.

అక్క


ఆసుపత్రి, టెలిఫోను గది
గురువారం

అక్కా,

మూడుసార్లు చదివాను. నాలుగోసారి వేళ్లు పెట్టలేకపోయాను.

రావద్దన్నావు కనక రాలేదు. కానీ నువ్వు ఏదో దాస్తున్నావు. సూది కాగితాన్ని చీల్చుకుని అవతలికి దిగింది, చాలాచోట్ల. నీ చెయ్యి అలా ఎప్పుడూ పడదు. చిన్నప్పుడు నువ్వు నాకు అక్షరాలు దిద్దించేటప్పుడు, చుక్క లేవాలి గానీ కాగితం ఏడవకూడదు అనేదానివి.

కందకం తవ్విన వాళ్లు కంచె కట్టాలి. దీపమో, తాడో ఏదో ఒకటి ఉండాలి. తప్పు వాళ్లది. నీ మీద వేసుకోకు. చిన్నప్పటి నుంచీ ఊళ్లో వాన పడ్డా నీదే తప్పంటావు.

భోంచేస్తున్నావా? బడికి వెళ్తున్నావా? రాయి.

తమ్ముడు


ఇల్లు
ఆదివారం

తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

బడికి వెళ్లడం లేదు. పిల్లలకి సెలవు అని చెప్పాను. నిజానికి సెలవు నాకు.

దాస్తున్నానన్నావు. నిజమే. విను.

పోయిన వారం ఒక మనిషి బడికి వచ్చాడు. కందకం తవ్వే కూలీ. నలభై అయిదేళ్లుంటాయి. చెప్పులు బయట విడిచి, గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇంగ్లీషు చెప్పే అమ్మగారు మీరేనా?" అన్నాడు. అవునన్నాను.

"ఆ రోజు నేను అక్కడే ఉన్నానమ్మా. పొద్దున్నే ఆ పాప కర్రతో వస్తోంది. అడుగు వెడల్పు చెక్క ఒకటి అడ్డంగా వేశాం, మేం దాటడానికి. నేను కందకం అవతల ఉన్నాను. 'ఆగమ్మా, నేను దాటిస్తా' అని కేకేశాను. పాప ఆగింది. ఆగిందమ్మా, నా మాట విని ఆగింది. ఇటు తిరిగి నవ్వింది. ఇంగ్లీషులో ఏదో అంది. తర్వాత కర్రతో చెక్కని తట్టి చూసుకుని అడుగేసింది. మొదటి అడుగు చెక్క మీదే పడింది. రెండోది పడలేదు."

కుర్చీ జరిపి వేశాను. అతను కూర్చోలేదు.

"ఏమందో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. మర్చిపోతానేమోనని రోజూ పైకి అనుకుంటున్నాను. నన్ను సాయం అడిగిందేమో, అడిగితే నేను వెళ్లలేదేమో. అది తెలియకపోతే నాకు అన్నం దిగదు."

అని, ఆ మాటలు అప్పజెప్పాడు. "నో. థ్యాంక్యూ. ఐ కెన్ మేనేజ్." ఒక్క అక్షరం పోకుండా. 'నో' తర్వాత చిన్నగా ఆగాలని నేను నేర్పాను. ఆ ఆగడం కూడా అతని నోట్లో ఉంది.

"నీకు థ్యాంక్స్ చెప్పింది నాయనా" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

అతను రెండు చేతులూ జోడించి, చాలాసేపు ఏడ్చి వెళ్లాడు. సగం చెప్పాను. సగం మింగాను.

"నేను దాటిస్తా" అన్న మాట దానితో రోజూ ఎవరో ఒకరు అంటారు. గొయ్యి అన్న మాట అతను అనలేదు. 'వాట్ ఈజ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ మీ' అని అడిగి ఉంటే చెప్పేవాడేమో, అర్థం కాకపోతే చెయ్యి పట్టుకునేవాడేమో. మన మాటలోనే అడిగి ఉంటే తప్పకుండా చెప్పేవాడు. మన మాట వద్దన్నది నేను. నలభై రోజుల్లో అది ఇరవై మూడో రోజు. అడగడం పదకొండో పాఠం. తొమ్మిదితో ఆగాం.

ఆ పిల్ల తప్పు చెయ్యలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది.

దర్జీగారి ఇంటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ నాకు కుర్చీ వేసి, "మీరే దానికి ధైర్యం నేర్పారు, ఉన్నన్నాళ్లూ రాణిలా బతికింది" అన్నారు. తలవంచుకుని కూర్చుని వచ్చాను. చెప్పలేదు.

ప్రార్థనకి కూర్చుంటాను. మాట రాదు. దేవుడికి కూడా సగం చెప్పి సగం మింగుతున్నాను.

నీ పాత ఉత్తరం తీసి తడిమాను. నువ్వు నడిచావు కదా, పద్దెనిమిదేళ్లు ఒక్కడివే నడిచావు. నీకు ఏమీ కాలేదు. దానికెందుకు అయింది? ఈ ఒక్కటీ నాకు చెప్పు.

అక్క


అద్దె గది
మంగళవారం

అక్కా,

ఈ ఉత్తరం ఆసుపత్రిలో కూర్చుని రాయలేను. గదికి వచ్చి రాస్తున్నాను.

నాకు ఎందుకు ఏమీ కాలేదని అడిగావు. నేను ఒక్కడినే నడవలేదు కనక.

ఇక్కడికీ ఆసుపత్రికీ మధ్య రెండు రోడ్లు. మొదటిది చిన్నది. రెండోదాన్ని ఈ పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా నేను ఒంటరిగా దాటలేదు. మొదటి వారం దాటబోయి గంటంబావు అలా నిలబడిపోయాను. చొక్కా తడిసిపోయింది. అక్కడ పేపర్లు అమ్మే మనిషి ఒకడు వచ్చి, "సార్, నేనూ అటే వెళ్తున్నా" అన్నాడు. అతని మోచెయ్యి పట్టుకున్నాను. మర్నాడూ అటే వెళ్తున్నానన్నాడు. ఆ మర్నాడూ అంతే. అతను అటు వెళ్లే మనిషి కాదని, నన్ను దింపి మళ్లీ ఇటే వస్తాడని ఆరు నెలలకి తెలిసింది. అతనికి జ్వరం వస్తే కొడుకు వస్తాడు. కొడుక్కి కుదరకపోతే నేను ఆలస్యంగా వెళ్తాను.

నీకు ఆ ఉత్తరం రాసింది మొదటి నెల్లో. అంటే అప్పటికే అతని మోచెయ్యి పట్టుకుని మూడు వారాలు.

ఎందుకు రాశానో కూడా చెబుతాను. నేను బయల్దేరిన రోజు బస్సు మెట్ల దగ్గర నువ్వు నా చెయ్యి పట్టుకుని ఉన్నావు. పదిమందీ చూస్తుండగా, "వదులు, ఇంకెన్నాళ్లు పట్టుకుంటావు" అని విదిలించాను. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి నువ్వు పెళ్లి కూడా వద్దనుకుని పట్టుకున్న చెయ్యి అది. దాన్ని వదిలించుకుని వచ్చి, ఇంకొకడి చెయ్యి పట్టుకున్నానని ఎలా రాయను? పట్టుకోవడానికి సిగ్గు లేదక్కా. నీకు చెప్పడానికే సిగ్గు. అందుకని అబద్ధం రాశాను. నువ్వు దాన్ని పాఠం చేశావని మొన్నటి దాకా నాకు తెలియదు. తెలిశాక కూడా "అంత వెనకా" అని అడిగి ఊరుకున్నాను. వచ్చినప్పుడు చెబుతానన్నాను. ఆ ఒక్క మాట అప్పుడే రాసి పంపితే, నువ్వు వరస మార్చేదానివి. నాకు తెలుసు, మార్చేదానివి.

ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. గొంతు కూడా వినలేదు. కానీ ఇప్పుడు ఫోను మోగిన ప్రతిసారీ దాని గొంతు వస్తుందేమోనని ఎత్తుతున్నాను.

దర్జీగారికి నువ్వు చెప్పాలి. నా సంగతి కూడా చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను రాస్తాను, ఎవరి చేతనైనా చదివించుకోమను. ఆ కూలీకి కూడా మిగతా సగం చెప్పు. పాపం, అతను అర్థం తెలియని మాటని జపం చేసుకుంటున్నాడు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అడగడం నాకూ ఆలస్యంగానే వచ్చింది.

తమ్ముడు


ఇల్లు
ఆదివారం

తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు జవాబు రాయలేదు. నీ మీద కోపం వచ్చింది. అది నీకు చెప్పడం న్యాయం. ఇప్పుడు ఉందో లేదో నాకే తెలియడం లేదు. కానీ నువ్వు నాకు నిజం చెప్పడానికి పద్దెనిమిదేళ్లు భయపడ్డావంటే, నా చెయ్యి ఎంత బరువుగా ఉండేదో ఇప్పుడు తెలిసింది. దానికి నేనే జవాబుదారీ.

ఆ పేపర్ల మనిషికి నా నమస్కారాలు చెప్పు.

నిన్న పొద్దున కూలీని వెతుక్కుంటూ వెళ్లాను. ఇంకో వీధిలో తవ్వుతున్నాడు. గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాను. "వద్దు, థ్యాంక్స్, నేను చూసుకోగలను" అంది, అలా అనమని నేర్పింది నేనే అన్నాను. చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"అయితే సాయం అడగలేదు."

"అడగలేదు."

"దాటిస్తానన్నానే గానీ, ఏం దాటాలో నేను చెప్పలేదమ్మా. గొయ్యి ఎదురుగా కనిపిస్తూనే ఉంది కదా అనుకున్నాను. ఎవరికి కనిపిస్తోందో ఆలోచించలేదు."

లేచి మళ్లీ పార అందుకున్నాడు. కందకం చుట్టూ తాడు కట్టి ఉంది. అతనే కట్టాడట. రోజూ తనే కడుతున్నాడట.

సాయంత్రం దర్జీగారింటికి వెళ్లాను. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. ఆయన మిషను ఆపాడు. తల్లి, నాయనమ్మ వచ్చి కూర్చున్నారు. తోక లోపలి గదిలో గోడకి ఆనుకుని ఉంది. మాట్లాడడం మానేసి రెండు వారాలు దాటింది. అంతా చెప్పాను. మొదటి పాఠం, పదకొండో పాఠం, ఇంగ్లీషు నియమం, నీ ఉత్తరం, కూలీ, అతనికి నేను చెప్పిన సగం మాట. ఏదీ మింగలేదు.

దర్జీగారు అడిగాడు. "మాట మీది అన్నారు."

"అన్నాను."

"మీరన్నారని పంపాను."

"అవును."

ఆయన లేచి బయటికి వెళ్లాడు. అరుగు మీద ఆయన దగ్గు వినిపించింది. నాయనమ్మ నా వైపు తిరిగింది. "నేను వెంట వెళ్తానంటే ముసల్దానికేం తెలుసన్నట్టు చూశారు అందరూ. నాకు ఇంగ్లీషు రాదు. గొయ్యి మాత్రం కనిపిస్తుంది." తల్లి ఆమె చేతి మీద చెయ్యి వేసింది. నాయనమ్మ ఆ చేతిని తోసేసింది.

తల్లి ఒక్కటే అడిగింది. "ఆ మాట అన్నప్పుడు నవ్విందా?"

"నవ్విందని చెప్పాడు."

"భయపడలేదు కదా?"

"లేదమ్మా."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు లోపలి నుంచి తోక గొంతు వచ్చింది. బొంగురుగా, ఎవరిదో గొంతులా ఉంది. "అక్క పాఠం తప్పు చెప్పిందా?"

"లేదు" అన్నాను. "అక్క సరిగ్గా చెప్పింది. పాఠమే తప్పు."

"మరి సరైన పాఠం ఏది?"

నాకు జవాబు తెలుసు. కానీ ఆ ఇంట్లో పాఠం చెప్పే హక్కు నాకు లేదని ఊరుకున్నాను.

దర్జీగారు లోపలికి వచ్చాడు. వాళ్లు మాట్లాడుకుంటామంటే నేను అరుగు మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. పిల్లని గడప దాటనివ్వనని నాయనమ్మ, ఇంట్లో కూర్చోబెడితే ఇది కూడా పోయినట్టేనని తల్లి. మధ్యమధ్య తోక గొంతు వినిపించింది. ఏమందో నాకు వినపడలేదు. వినాలని ప్రయత్నించలేదు. లోలోపల ప్రార్థన చేశాను. ఈసారి ఏమీ కోరలేదు. ఊరికే దేవుడి ముందు కూర్చున్నాను.

పిలిచారు. దర్జీగారు నిలబడే చెప్పాడు.

తోక బడికి వస్తుంది. నాయనమ్మ రోజూ తీసుకొచ్చి, అయ్యేదాకా గేటు పక్కన బల్ల మీద కూర్చుని, తీసుకెళ్తుంది. ఇంగ్లీషు కూడా నేర్చుకుంటుంది, అది తనే పట్టుబట్టింది. కానీ నా దగ్గర కాదు. నా పాఠాల పుస్తకం బడిలో పాటలు నేర్పే టీచరుగారికి ఇచ్చెయ్యాలి. పదకొండో పాఠం ముందుకి మార్చి ఇవ్వాలి. తోక నా గదిలోకి రాదు. నేను తోకతో మాట్లాడకూడదు. ఎప్పటిదాకా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సరేనన్నాను. పుస్తకం ఇవాళ మార్చి రాసి ఇచ్చేశాను. రేపు ఉదయం వాళ్లు వచ్చే వేళకి నా గది తలుపు మూసి ఉండాలని కూడా నిన్ననే అనుకున్నాం.

అక్క